కాటా ఎక్కిన కడుపు

ఈ మధ్య మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మాయిలు నన్ను టీకి పిలిచి, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి సిస్టర్ అన్నారు. వాళ్లు ఆశించింది రక్తం, కుట్లు, ఉరుకులు పరుగుల ఆపరేషను లాంటిదేదో అయి ఉంటుంది. అలాంటివి అన్ని ఆసుపత్రుల్లోనూ ఉంటాయి. ఫిలింనగర్ దగ్గర తప్ప ఇంకెక్కడా జరగడానికి వీల్లేనిది మాత్రం నా దగ్గర ఒక్కటే ఉంది. అది చెబితే పడీ పడీ నవ్వారు. నవ్వడం అయిపోయాక ఒకమ్మాయి, "ఇంతకీ బిడ్డకేం కాలేదు కదా సిస్టర్?" అని అడిగింది. అప్పట్లో ఆ మాట అడగడానికి మాకు చాలా కాలం పట్టింది. అందుకని ఈ పిల్లల కోసమే రాసి పెడుతున్నాను.

మాది చిన్న ప్రసూతి ఆసుపత్రి. జూబ్లీహిల్స్ మీద నుంచి ఫిలింనగర్ వైపు దిగే వాలులో ఉంటుంది. కృష్ణానగర్ గదుల నుంచి ఆటోల్లో వచ్చే డాన్సర్ల భార్యలూ, కొండ మీద బంగళాల నుంచి కార్లలో వచ్చే మేడమ్‌లూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. తెర మీద కనిపించేవాళ్లు మాత్రం వెనక మెట్ల మీదుగా వచ్చేవారు. టోపీ, మాస్కు, నల్లద్దాలు, మండుటెండలో శాలువా. చూడనివాళ్లు కూడా ఆగి చూసేంత పకడ్బందీగా దాక్కునేవారు.

మా డాక్టరమ్మది గుంటూరు. మంచి చేయి, తొందర నోరు. "వాళ్లు బయట ఎవరైనా సరే సిస్టర్, ఇక్కడ పేషెంట్లు, అంతే" అనేది. అంతే అన్న మరుక్షణం వాళ్లకి వేరే నియమాలు పెట్టేది. శాలువా తియ్యమనకూడదు. ఫోటో అడగకూడదు. షూటింగు కబుర్లు ఎత్తకూడదు. నేను తలూపేదాన్ని. కబుర్లు ఎత్తకూడదన్న నియమం ఆవిడే ముందు తప్పేది.

ఆ వెనక మెట్ల మీదుగా ఒకమ్మాయి వచ్చేది. సాయంత్రం సీరియల్లో కోడలు వేషం. సీరియల్లో ఆమెకి ఎన్నో కష్టాల తరవాత కడుపు పండింది. మా ఆయాలందరూ ఆ ఎపిసోడుకి ఏడ్చారు. విచిత్రమేమిటంటే కథలో ఆమెకి అయిదో నెల నడుస్తుండగా నిజంగా కూడా అయిదో నెలే. ఆ సంగతి దర్శకుడికీ, ఇంట్లోవాళ్లకీ, మాకూ తప్ప ఎవరికీ తెలియదు.

పిల్ల వెంట తల్లి ఉండేది. పాలకొల్లు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. కూతురి నోట్లోకి ఏది పోయినా ఆవిడ అనుమతితో పోవాలి. చేతిసంచీలో ఒక డబ్బా, అందులో కీరా ముక్కలు. పిల్ల భర్త ఎక్కడో షిప్పులో ఉద్యోగం, ఫోన్లో తప్ప కనపడడు.

"కడుపు పెరగాలండీ, చెంపలు పెరక్కూడదు" అనేది తల్లి నాతో, ఏదో వంట కొలత చెబుతున్నట్టు.

"అట్ల విడివిడిగ పెరగడానికి ఆమె ఏమన్న అపార్ట్‌మెంటా అమ్మా?" అన్నాను ఒకసారి. ఆవిడ నవ్వలేదు.

వాళ్ల భయం నాకు అర్థం కాకపోలేదు. సీరియల్లో మనిషి కాస్త మారితే చాలు, ఒక సాయంత్రం తెర కింద 'ఇకనుంచి ఈ పాత్రలో' అని ఒక వరుస వస్తుంది, కొత్త ముఖం వచ్చేస్తుంది. అత్తా మామా మొగుడూ ఎవరూ గుర్తుపట్టనట్టు ఆ కొత్తామెతోనే కాపురం చేస్తారు. ఆ పాత్ర దొరకడానికి ముందు తల్లీకూతుళ్లిద్దరూ కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

మా పద్ధతి ఏమిటంటే, వచ్చినామెని ముందు వరండాలో కాటా ఎక్కించి బరువు రాసుకోవాలి. తరవాత ఆమె బాత్రూముకి వెళ్లి మూత్రం పరీక్షకి ఇవ్వాలి. ఆ తరవాత డాక్టరమ్మ గది, బల్ల మీద పడుకోబెట్టి కడుపు చూడటం. ఈ పిల్ల షూటింగు మధ్యలో వచ్చేది కాబట్టి పట్టుచీర, మీద శాలువాతోనే కాటా ఎక్కేది. ఎక్కి, ముల్లు వైపు వీపు తిప్పి కళ్లు మూసుకునేది. ఆడిషన్ల నాటి అలవాటట. అంకె చూస్తే ఆ రోజు డైలాగులు గుర్తుండవంది. తల్లి చూసేది, నేను రాసేదాన్ని. చీరకని కొంత తీసేసి రాసేదాన్ని కూడా.

ఆ పిల్ల బరువు పెరిగిన తీరు పుస్తకంలో బొమ్మలా ఉండేది. నెల నెలకీ నిదానంగా, ఒద్దికగా. డాక్టరమ్మ ట్రైనింగు పిల్లలకి ఆ చార్టు చూపించి, "తల్లి బరువు ఇలా పెరగాలి. ఇద్దరి తిండి తినక్కర్లేదు, మానెయ్యనూ కూడదు" అని పాఠం చెప్పేది. కానీ నాకూ ఆవిడకీ ఒకచోట పేచీ వచ్చేది.

"కడుపు నెలలకి తగ్గట్టు లేదు సిస్టర్, చిన్నగా ఉంది" అనేది ఆవిడ.

"చిన్నగనా? కాటా మీద నిలబడితే ఆమె కాళ్లు ఆమెకే కనిపిస్తలేవు మేడమ్."

"మీరు కళ్లజోడు మార్పించుకోండి."

"మీరు టేపు మార్పించుకోండి."

ఒకే మనిషి, ఒకే పూట, పావుగంట తేడాలో ఇద్దరం చూసిన ఒకే కడుపు. చివరికి నేను నిజంగానే కళ్లజోడు మార్పించాను. ఆవిడ కొత్త టేపు తెప్పించింది. పేచీ మాత్రం అలాగే ఉంది. స్కానింగులో బిడ్డ కాస్త చిన్నదే అని వచ్చింది. తల్లీ తండ్రీ సన్నటివాళ్లు, తల్లి బరువు చక్కగా పెరుగుతోంది, కంగారు లేదు, చూద్దాం అంది డాక్టరమ్మ. ఆ చార్టు ఉండబట్టి అందరమూ నిశ్చింతగా ఉన్నాం.

ఏడో నెలలో వచ్చినప్పుడు బరువు ఉన్నట్టుండి ఎగబాకింది. డాక్టరమ్మ ఉలిక్కిపడింది. అలా పెరిగితే బీపీ వ్యవహారమేమోనని భయం. కాళ్లు నొక్కి చూసింది, వాపు లేదు. బీపీ చూసింది, మామూలుగా ఉంది.

"మరి ఈ బరువంతా ఎక్కడుందమ్మా?" అని అడిగింది. "స్వీట్లు తింటున్నావా?"

"స్వీటు తిని చాలా నెలలైందండీ" అంది పిల్ల మెల్లగా.

"అందరూ అలాగే అంటారు" అని నవ్వి, తీపి, ఉప్పు, పచ్చళ్లు, వేపుళ్లు తగ్గించమని గట్టిగా చెప్పి, వారానికే మళ్లీ రమ్మని పంపింది. తల్లి ముఖం వెలిగిపోయింది. వరండాలో కూతురితో, "చూశావా, డాక్టరుగారే చెప్పారు" అంటోంది. ఆ రోజు నుంచీ డబ్బాలో కీరా ముక్కలు కూడా సగం అయ్యాయని తరవాత తెలిసింది.

ఆ పైవారం ఆమె కాటా దిగి బాత్రూములోకి వెళ్లిందో లేదో, మా ఆయా చీపురుతో నా మీదికి వచ్చింది.

"ఏందక్కా ఇది? ఇప్పుడే తుడిచిన. పైన ఎవలన్న ఇల్లు కడుతున్నరా?"

చూద్దును కదా, కాటా దగ్గర గుప్పెడు ఇసుక. అక్కడి నుంచి సన్నటి ధారగా బాత్రూము తలుపు దాకా. గర్భిణీ స్త్రీ నడిచిన దారిలో ఇసుక రాలడం మా చదువులో ఎక్కడా లేదు. ఆ ధార పట్టుకుని వెళ్లి తలుపు తోశాను.

తల్లి స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక కడుపు. ఒంటి రంగు బట్టతో కుట్టింది, నడుముకి కట్టుకోవడానికి పట్టీలున్నాయి, మధ్యలో బొడ్డు కూడా కుట్టారు. చీర చాటున ఉండేదానికి బొడ్డెందుకో ఇప్పటికీ నాకు బోధపడలేదు. దాని అడుగున పోయిన కుట్టుకి ఆవిడ పిన్నీసు పెడుతోంది. పక్కన కూతురు మూత్రం సీసా పట్టుకుని నిలబడింది. శాలువా లేకుండా ఆ పిల్లని నేను చూడటం అదే మొదటిసారి. భుజాల దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"కడుపండీ" అంది తల్లి.

"మరి ఆమెకున్నది?"

"అదీ కడుపేనండీ. ఇది సీరియల్‌ది."

అప్పుడు సంగతంతా బయటపడింది. పిల్ల అసలు కడుపు కెమెరాకి ఆనడం లేదని దర్శకుడు దీన్ని కుట్టించాడు. మొదట దూది పెట్టారు. దూదితో నడిస్తే బజారుకి పోతున్నట్టుంది, బరువు కనపడటం లేదన్నాడు. అప్పుడు ఇసుక పోశారు. కథలో నెల మారినప్పుడల్లా ఇంకాస్త పోశారు. క్రితం వారం కథ ఒక్కసారిగా తొమ్మిదో నెలకి దూకింది. పట్టీలు బిగుతు కాబట్టి బాత్రూములో విప్పి తల్లి సంచీలో పెట్టేది, డాక్టరమ్మ గదిలోకి అసలు కడుపుతో వెళ్లేవాళ్లు. మా డాక్టరమ్మ పాఠాలు చెప్పిన చార్టులో పెరిగింది తల్లి కాదు, ఇసుక.

ఆ కడుపుని రెండు చేతులా ఎత్తుకుని కాన్పు గదిలోకి తీసుకెళ్లాను. దగ్గరలో ఉన్నది పసిపిల్లల కాటా. అలవాటు కొద్దీ కింద మెత్తటి గుడ్డ పరిచి మరీ పడుకోబెట్టాను. ఆ కాటా ఎక్కినవాళ్లలో ఏడవనిది అదొక్కటే. వెనకే వచ్చిన ఆయా తొంగి చూసి, "ఆడనా, మగనా అక్కా?" అంది. ఆ పూట ఆమెని నేను కొట్టకపోవడం నా ఓర్పు.

తరవాత పిల్లని ఉత్త గౌనులో వరండా కాటా ఎక్కించి, కళ్లు తెరువమన్నాను. తెరిచింది. అంకె చూసి, నా చేతిలోని చార్టులో మొదటి అంకెతో పోల్చుకుంది.

"ఇది నేను మొదట వచ్చినప్పటి బరువే కదండీ" అంది. కాటా మీదే చతికిలబడి, "మరి నా బిడ్డ ఏం తిని పెరుగుతోందండీ?" అని అడిగింది.

నేను డాక్టరమ్మని కేకేశాను. ఆవిడ వచ్చి, విని, ముందు నవ్వబోయింది. పిల్ల ముఖం చూసి ఆగిపోయింది. వెంటనే మళ్లీ స్కాన్ చేయించింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది, కానీ పెరుగుదల వెనకబడింది. ఆవిడ తల్లి వైపు తిరిగి, "మీరు అంకె చూస్తూనే ఉన్నారు కదమ్మా, ఒక్క మాట చెప్పొద్దా?" అంది.

"మీరు బావుంది బావుంది అంటున్నారు కదండీ. అక్కడ చానెల్ వాళ్లూ ముఖం బావుందంటున్నారు. రెండు వైపులా సంతోషంగా ఉంటే ఎందుకు చెడగొట్టడమని" అంది ఆవిడ. అబద్ధమాడుతున్నట్టు లేదు. ఆవిడ లెక్కలో నిజంగా అందరూ క్షేమంగానే ఉన్నారు.

పని గంటలు తగ్గించాలి, కూర్చోవాలి, పూటపూటకీ తినాలి, వారం వారం వచ్చి చూపించుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. దర్శకుడికి ఫోన్ చేసింది. ఆయన, తప్పకుండా మేడమ్, శ్రీమంతం ఎపిసోడ్లు అయిపోనివ్వండి, వారంలో ఒదిలేస్తాం అన్నాడు. ఫోన్ పెట్టేసి డాక్టరమ్మ నా వైపు చూసి, "మీరు వెళ్లండి సిస్టర్. గొడవపడటం మీకు వచ్చు" అంది. పొగడ్త అనుకుని మర్నాడు మా ఇంటి నుంచి భోజనం క్యారియర్ పట్టుకుని బయల్దేరాను.

షూటింగు ఫిలింనగర్‌లో ఒక అద్దె బంగళాలో. హాలంతా పూలదండలు, గాజులు, పళ్లేలలో మిఠాయిలు. మధ్యలో ఒక కుర్చీ, దాని ముందు పెద్ద ఫ్యాను. ఆ కుర్చీలో కడుపు కూర్చుని ఉంది. అసలు కడుపుతో ఉన్న పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. కడుపు చుట్టూ ముగ్గురు మనుషులు. ఒకతను పొద్దుటి షాటు ఫోటో ఫోన్లో పట్టుకుని ముడతలు సరిచూస్తున్నాడు. ఎవరు అటు నడిచినా, కడుపు జాగ్రత్త, కడుపు జాగ్రత్త అని కేకలు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లి ఆ కడుపుని తీసి నేల మీద పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. కాస్ట్యూమర్ పరుగెత్తుకొచ్చాడు. పెద్దవాడు, చెవి వెనక పెట్టుకున్న సూది నుంచి దారం వేలాడుతోంది.

"కింద పెట్టకుండ్రి అమ్మా, మట్టయితది. కంటిన్యుటీ పోతది, పొద్దుటి షాటుకు కలవది."

"ఈ పిల్ల కింద పడితే ఏం పోతదో ఎరుకేనా నీకు? ఈమె నిజంగ ఏడు నెలల మనిషి."

అతను నన్ను చూశాడు, పిల్లని చూశాడు. "నాకెవ్వలు చెప్పలే అమ్మా" అన్నాడు. "వాళ్లమ్మనే తీస్కపోయి కడుతుండె. నాకెరుకుంటే ఇసుక పోద్దునా? నా బిడ్డకు గూడ ఇద్దరు పిల్లలు." అక్కడే కూర్చుని కుట్లు విప్పి, ఇసుకంతా సెట్టులోని పూలకుండీలో పోసేశాడు.

దర్శకుడు వచ్చాడు. మంచి మనిషే, కానీ లోకమంతా ఆయనకి ఒక చట్రంలోంచే కనపడుతుంది.

"ఇసుక తీసేస్తే నడక రాదండీ సిస్టర్."

"ఏడు నెలల పిల్లకు ఏడు నెలల నడక మీరు నేర్పిస్తరా సార్?"

"అది కాదండీ, చానెల్ వాళ్లు ముఖం..."

"ముఖం మీ ఇష్టం. నాకు ఆమె కడుపులకు నాలుగు ముద్దలు పోవాలె. శ్రీమంతంల తినిపిస్తరు కదా? ఏం తినిపిస్తున్నరు?"

పళ్లెంలో లడ్డూ చూపించాడు. అవి నిన్నటివి. చీమలు పట్టకుండా, యూనిట్ వాళ్లు నోట్లో వేసుకోకుండా ఏదో మందు కొట్టారు. పిల్ల దాన్ని పెదాలకి తాకించి, కట్ చెప్పగానే తుడిచేసుకోవాలి. నేను క్యారియర్ విప్పాను. నెయ్యి వేసిన పప్పన్నం, ఉడికిన గుడ్లు, పెరుగన్నం.

"శ్రీమంతంలో గుడ్డేంటండీ?" అన్నాడాయన, నిజంగా బాధపడుతూ.

గుడ్డు పప్పన్నం కింద దాచడానికి ఒప్పందం కుదిరింది.

షాటు మొదలైంది. సీరియల్లో అత్త వేషం వేసే సీనియర్ నటి కోడలికి ముద్ద తినిపించి ఒక డైలాగు చెప్పాలి. ఆవిడ రెండో టేకు అడిగిన రోజు లేదని యూనిట్‌లో పేరు. ఆ రోజు ముద్ద పెట్టి, డైలాగు మరిచిపోయింది. మళ్లీ పళ్లెం నింపారు, కంటిన్యుటీ కోసం అదే సైజు ముద్ద. మళ్లీ పెట్టింది, మళ్లీ మరిచిపోయింది. దర్శకుడు జుట్టు పీక్కున్నాడు. "వయసు మీద పడిందిగా నాయనా" అంటూ ఆవిడ పళ్లెం వైపు ఒక చూపు చూసి, గుడ్డు ఇంకా మిగిలి ఉందని నిర్ధారించుకుని, ఇంకోసారి మరిచిపోయింది.

నేనూ పిల్ల తల్లీ మానిటర్ ముందు కూర్చున్నాం. క్లోజప్ పెట్టారు. ముద్ద ఎటు కదిలితే పిల్ల కళ్లు అటు కదులుతున్నాయి. నోరు మూసుకునేలోపే నమిలేస్తోంది. వేలికి అంటిన మెతుకు కూడా వదలలేదు.

"ఎంత బాగా చేస్తోందండీ" అన్నాడు పక్కనున్న అసిస్టెంట్.

"ఇది చెయ్యడం కాదు బాబూ" అంది తల్లి. "ఆకలేస్తే దాని ముఖం ఇలాగే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. ఇన్నాళ్లూ నా పక్కనే ఉంటే నాకు కనపడలేదండీ. ఈ బొమ్మలో కనపడింది."

ఆవిడ లేచి తిన్నగా ఫ్రేములోకి నడిచింది. లైట్ల మధ్యకి వెళ్లి, పెరుగన్నం గిన్నె తీసుకుని, కూతురికి కలిపి పెట్టడం మొదలుపెట్టింది. పిల్ల ఏడుస్తూ తింటోంది. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. అసిస్టెంట్ కంగారుగా కాగితాలు తిరగేస్తూ, "ఈవిడ ఈ సీన్లో ఎవరండీ?" అని అడిగాడు.

"వాళ్లమ్మ" అంది సీనియర్ నటి, నిక్షేపంలా, ఒక్క టేకులో.

తరవాత రోజుల్లో తల్లే క్యారియర్ మోసింది. పిల్ల మా దగ్గర గౌనులో, కళ్లు తెరిచి కాటా ఎక్కేది. నాలుగు ముద్దలతో అన్నీ చక్కబడతాయని నేను చెప్పను. బిడ్డ పెరగకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి, తిండి అందులో ఒకటి. చూడటం మన పని, చూసి చెప్పడం మన పని. వారం వారం స్కానులో బిడ్డ కొద్దికొద్దిగా అందుకుంటుంటే మా డాక్టరమ్మ ఆ గీత చూసి అరిచినంత పని చేసేది. ఈసారి ఎవరికీ పాఠాలు చెప్పలేదు.

పిల్లకి చెంపలొచ్చాయి. చానెల్ వాళ్లు చూశారు.

ఆడపిల్ల పుట్టింది. అనుకున్నదానికి కాస్త ముందుగా, చిన్నగా, కానీ వరండా దాకా వినపడే గొంతుతో. కొన్నాళ్లు వెచ్చగా ఉంచి, జాగ్రత్తగా చూసి తల్లి పక్కకి చేర్చాం. ఆ సాయంత్రమే గదిలో టీవీలో సీరియల్ వచ్చింది. తెర కింద 'ఇకనుంచి ఈ పాత్రలో' అన్న ఆ వరుస కూడా వచ్చింది. కథలో ఇంకా కాన్పు కాలేదు. కొత్తమ్మాయి అదే కడుపు కట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగుతోంది. మా పిల్ల కంటే సన్నగా ఉంది.

అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. ఎన్నేళ్ల ఎదురుచూపో అది. పిల్ల మాత్రం బిడ్డకి పాలిస్తూ తెర వైపు చూస్తోంది. బాధపడుతోందేమో, టీవీ కట్టెయ్యనా అని అడిగాను.

"వద్దండీ" అంది. "అమ్మా, ఆ పిల్ల చెంపలు చూశావా?"

ఆవిడ చూసింది. దగ్గరికి జరిగి, ఇంకోసారి చూసింది. తరవాత సంచీలోంచి ఫోన్ తీసి కాస్ట్యూమర్‌కి కలిపింది.

"బాబూ, నేనే. ఏం లేదు. ఆ కొత్తమ్మాయి మధ్యాహ్నం ఏం తిందో కాస్త కనుక్కుంటావా?"